మీకు తెలుసా? పచ్చిక ఎండేది నీళ్లు చాలక కాదు... చేరక!

ఇలా దగ్గరికి రండి, ఒక లెక్క చెబుతా! స్ప్రింక్లర్ గుండ్రంగా నీళ్లు చిమ్ముతోంది. ఆ నీళ్లు ఎంత దూరం పడుతున్నాయో, అందులో సరిగ్గా సగం దగ్గర చుట్టూ ఒక గీత గీయండి. గీతకు లోపల కొంత నేల, బయట కొంత నేల. రెండూ సమానమే అనుకుంటాం కదా? కానే కాదు! మొత్తం నేలలో 75 శాతం గీత బయటే ఉంది! స్ప్రింక్లర్ మొదట్లో ఉన్న కాస్త చోటు తడిసి ముద్దవుతుంది. దూరాన ఉన్న ముప్పావు వంతుకు పల్చటి జల్లే దక్కుతుంది. ఎండు మచ్చ పుట్టేది అక్కడే!

ఇంకో లెక్క! నాలుగు మూలలా నాలుగు స్ప్రింక్లర్లు పెట్టారు. ఒకదాని తడి అంచు పక్కదాని తడి అంచును సరిగ్గా తాకుతోంది. నీళ్లు ఎక్కడా రెండుసార్లు పడవు. పొదుపుగా ఉందనిపిస్తుంది! కానీ నడి మధ్యలో చూడండి. నాలుగు వంపుల నడుమ, నాలుగు కొనలున్న చుక్క ఆకారంలో ఒక ముక్కకు ఒక్క బొట్టూ అందదు. అదెంతో తెలుసా? లాన్‌లో 21.5 శాతం! ఐదో వంతుకు పైనే! మీ పచ్చిక మధ్యలో అలాంటి మచ్చ కనిపిస్తే తెగులేమో అని మందు కొట్టకండి. ముందు స్ప్రింక్లర్ల మధ్య దూరం కొలవండి!

మరి ఎంత దగ్గరగా పెట్టాలి? వింటే ఆశ్చర్యపోతారు! ఒక స్ప్రింక్లర్ చిమ్మిన నీళ్లు పక్క స్ప్రింక్లర్ నెత్తిన పడాలి! 4.5 మీటర్లు చిమ్మేవాటిని 4.5 మీటర్ల దూరంలోనే పెట్టాలి. రెట్టింపు స్ప్రింక్లర్లు దండగ కదా అంటారా? కాదండీ! ఒకటి దూరంగా పల్చగా చల్లిన చోటే ఇంకొకటి దగ్గరగా చిక్కగా చల్లుతుంది. రెండూ కలిస్తేనే తడి సమానం! వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడాల్సిందే!

అలా పెట్టినా ఒక చిక్కుంది! చతురస్రంలో పక్క స్ప్రింక్లర్ దగ్గరే. ఎదుటి మూలలో ఉన్నది మాత్రం 41 శాతం ఎక్కువ దూరం! గాలి కాస్త వీచిందంటే ఆ నడుమ చోటు బలహీనపడిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు చోటు కుదిరితే త్రిభుజంగా పెడతారు. అప్పుడు పక్కనున్నవన్నీ ఒకే దూరం! నాకైతే ఈ త్రిభుజం పద్ధతి ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

చెట్టు మొదలు కూడా పచ్చికను ఎండబెడుతుంది! వేళ్లు నీళ్లు తాగడం సరే, అది కాక ఇంకోటుంది. దీపం ముందు చెయ్యి పెడితే గోడ మీద నీడ పెద్దదవుతుంది కదా? నీళ్ల సంగతీ అంతే! స్ప్రింక్లర్‌కు ఒక మీటరు దూరంలో జానెడు కన్నా కాస్త లావు, 30 సెంటీమీటర్ల మొదలు ఉందనుకోండి. జల్లు 4.5 మీటర్ల అంచుకు వెళ్లేసరికి అది కప్పేసే ఎండు చారిక దాదాపు 1.35 మీటర్ల వెడల్పు! చెట్టును కొట్టకండి, పాపం! అవతలి పక్క నుంచి ఇంకో స్ప్రింక్లర్ చిమ్మితే చాలు!

ఒక దేశం మొత్తం పచ్చికే పెంచితే ఎలా ఉంటుంది? అమెరికా ఇంచుమించు ఆ పనే చేసింది! నాసా పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల సాయంతో 2005లో వేసిన లెక్క ప్రకారం అక్కడి లాన్లు సుమారు 1,28,000 చదరపు కిలోమీటర్లు! మన తెలంగాణ రాష్ట్రం మొత్తం కన్నా ఎక్కువ! అక్కడ తడి పెట్టి పండించే ఏ పంటా ఇంత నేలలో లేదు!

ఆ పచ్చిక తాగేదెంత, పారబోసేదెంత? అమెరికా పర్యావరణ సంస్థ అంచనా వింటే గుండె గుభేల్మంటుంది. ఆరుబయట వాడే నీళ్లలో 50 శాతం దాకా గాలికి, ఆవిరికి, పారుదలకు పోతున్నాయట! నీళ్లు చల్లే పద్ధతి బాగోకే! సగం తాగితే సగం రోడ్డు పాలు!

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇంటి ముందు లాన్ అక్కడ మామూలు! చాలా ఇళ్ల ముందు పెరిగే ఆ 'బెర్ముడా గ్రాస్' ఏమిటో తెలుసా? మన గరికే! వినాయక చవితి నాడు రెండేసి పోచలు తుంచి దేవుడి ముందు పెడతామే, అచ్చంగా ఆ గరిక! దాని వేళ్లు వదులు నేలలో 1 మీటరు దాటి లోతుకు పోగలవు! అంత మొండి గడ్డి కూడా మచ్చలు మచ్చలుగా ఎండుతోందంటే, తప్పు గడ్డిది కాదు!

ఇంకో విశేషం! డాలస్ కింద ఉన్నదీ, గుంటూరు పత్తి చేల కింద ఉన్నదీ ఒకే కుటుంబం నేల! నల్లరేగడి! శాస్త్రవేత్తలు రెండింటినీ 'వర్టిసోల్' అనే వర్గంలోనే పెట్టారు. ఆ వర్గంలో చేరాలంటే నేలలో కనీసం 30 శాతం బంకమట్టి ఉండాలి. ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు నేలలోని స్ప్రింక్లర్ తలలు మెల్లగా పక్కకు వాలిపోతాయి కూడా!

బంకనేల ఎంత నిదానంగా తాగుతుందో చూడండి! ఒకసారి తడిసి ఉబ్బాక గంటకు 5 మిల్లీమీటర్లు లోపలికి పీల్చుకుంటే గొప్ప! మామూలు స్ప్రే నాజిల్ మాత్రం అంతకు ఎన్నో రెట్లు గుమ్మరిస్తుంది. మిగిలిందంతా కాలువే! పల్లంలో మడుగు, మెరకలో మచ్చ! ఈ రెండూ ఒకే తడి చేసిన పనే!

దీనికి పైసా ఖర్చు లేని మందుంది! ఏకబిగిన 15 నిమిషాలు పెట్టకండి. ముక్కలు చేయండి! 5 నిమిషాలు తడి, గంట విరామం, మళ్లీ తడి... ఇలా మూడుసార్లు. నీళ్లు అవే, కాలం అదే! విరామంలో నేల గుటక వేస్తుంది. మెరక మీది మచ్చ పచ్చబడుతుంది. టైమర్ ఉన్నవాళ్లు ఇవాళే మార్చేయొచ్చు!

డాలస్‌లో ఒక కట్టుబాటు ఉంది! ఆటోమేటిక్ స్ప్రింక్లర్లతో వారానికి 2 రోజులకు మించి తడపకూడదు. మచ్చ కనిపించింది కదా అని రోజూ తడి పెట్టడానికి లేదు! ఆ రెండు తడులే లాన్ అంతటా సమంగా పడాలి. అందుకే అక్కడ స్ప్రింక్లర్ సర్దుబాటు సరదా కాదు, అవసరం!

రోడ్డుకూ కాలిబాటకూ మధ్య సన్నటి పచ్చిక పట్టీ చూశారా? డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో 48 అంగుళాల కన్నా సన్నని చోట కొత్తగా స్ప్రే స్ప్రింక్లర్ బిగించడం నిబంధనలకు విరుద్ధం! ఎందుకంటే సగం జల్లు సిమెంటు మీదే పడుతుంది. సిమెంటు వేడికి అంచు గడ్డి మాడిపోతుంది. అలాంటి పట్టీకి నేలలో పూడ్చిన డ్రిప్ పైపే సరైనది!

ఇక అసలు పరీక్ష! ఇది చేస్తే మీ లాన్ గుట్టంతా బయటపడుతుంది. ఒకే సైజు డబ్బాలు 20 పోగేయండి. నిలువు గోడలున్నవి కావాలి. పైకి వెడల్పయ్యే గ్లాసులు పనికిరావు! లాన్ అంతా వరసల్లో పరచండి. కొన్ని స్ప్రింక్లర్ పక్కన, కొన్ని నడుమ, కొన్ని సరిగ్గా ఎండు మచ్చ మీద. గాలి లేని వేళ చూసి పావుగంట స్ప్రింక్లర్ తిప్పండి. ఆపేసి ఒక్కో డబ్బాలో స్కేలు ముంచండి. ఒకదాంట్లో బొటనవేలు మునుగుతుంది. పది అడుగుల అవతల ఇంకోదాంట్లో అడుగు కూడా సరిగా తడవదు! పైనుంచి చూస్తే లాన్ అంతటా ఒకే జల్లు పడినట్టే ఉంటుంది. డబ్బాలు మాత్రం అబద్ధం చెప్పవు!

ఆ అంకెలతో ఒక చిన్న లెక్క! 20 డబ్బాల్లో అన్నిటికన్నా తక్కువ నీళ్లున్న 5 డబ్బాలు పక్కకు తీయండి. వాటి సగటును మొత్తం సగటుతో భాగించండి. మొత్తం సగటు 8 మిల్లీమీటర్లు, ఆ ఐదింటి సగటు 4 అయితే మీ లాన్‌కు 50 మార్కులు! 70 దాటితే ఫరవాలేదు. తగ్గితే మచ్చలు రాక మానవు!

అందరి ఇళ్లలో ఎన్ని మార్కులొస్తాయి? అమెరికాలోని ఫ్లోరిడాలో పరిశోధకులు ఇళ్లకు వెళ్లి సరిగ్గా ఇలాగే కొలిచారు. సగటు 45 శాతం! డబ్బు పోసి బిగించుకున్న స్ప్రింక్లర్లు! అయినా పాస్ మార్కులు రాలేదు! కాబట్టి మీ లాన్ ఒక్కటే ఇలా ఉందని దిగులు పడకండి.

ఈ డబ్బాల పద్ధతి కొత్తదేమీ కాదు! కాలిఫోర్నియాలో జె.ఇ. క్రిస్టియన్సన్ అనే ఇంజినీరు తడి ఎంత సమంగా పడిందో కొలిచే సూత్రాన్ని 1942లోనే అచ్చువేయించాడు. ఇప్పటికీ ప్రపంచమంతా సాగునీటి ఇంజినీర్లు ఆయన పేరుతోనే ఆ లెక్క చేస్తారు!

డబ్బాలో 1 మిల్లీమీటరు నీరు కనిపించిందా? దాని అర్థమేంటో తెలుసా? ఒక్కో చదరపు మీటరు నేల మీద సరిగ్గా 1 లీటరు పడిందన్నమాట! బకెట్లతో కొలవక్కర్లేదు. స్కేలు చూస్తే లీటర్లు తెలిసిపోతాయి!

మచ్చ కనిపించగానే మనమేం చేస్తాం? ఇంకాసేపు తిప్పుతాం! ఇక్కడే మోసపోతాం! మచ్చకు సగం నీళ్లే అందుతుంటే దాని దాహం తీరాలంటే కాలం 2 రెట్లు చేయాలి. అప్పుడు మిగతా లాన్ కూడా రెండింతలు తాగి కుళ్లుతుంది! మచ్చ కోసం పెట్టిన నీళ్లలో ఎక్కువ భాగం మచ్చకు చేరనే చేరదు!

ఒకే వాల్వు మీద రెండు రకాల స్ప్రింక్లర్లు ఉన్నాయేమో వెళ్లి చూడండి! కదలకుండా విసనకర్రలా చిమ్మేది ఒకటి, తిరుగుతూ ఒకే ధార విసిరేది ఇంకొకటి. మొదటిది గంటలో కురిపించేది రెండోదానికి ఇంచుమించు 4 రెట్లు! రెండూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూతపడితే? ఒక పక్క బురద, ఒక పక్క ఎండు! టైమర్ ఎంత తిప్పినా ఇది సరికాదు. రెండు రకాలనూ వేర్వేరు వాల్వులకు కలపాల్సిందే!

మూలలో పెట్టిన తిరుగుడు స్ప్రింక్లర్ సంగతి ఇంకా చిత్రం! అది పావు వృత్తమే తిరుగుతుంది. మధ్యలోది పూర్తిగా తిరుగుతుంది. రెండింటికీ ఒకే నాజిల్ బిగిస్తే మూలలో గడ్డికి 4 రెట్ల నీళ్లు పడతాయి! మధ్యలోని గడ్డి నోరెళ్లబెట్టుకుని చూస్తుంటుంది! పావుకు చిన్న నాజిల్, సగానికి దాని రెట్టింపు, పూర్తికి దానికి రెట్టింపు. బిగించేవాళ్లను ఈ ఒక్క మాట అడగండి, మీకెంత తెలుసో వాళ్లకు అర్థమైపోతుంది!

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇంకోటుంది! ఓవర్‌హెడ్ ట్యాంకుకు పైపు తగిలించి స్ప్రింక్లర్ తిప్పుతాం. అది నీరసంగా రెండడుగులు చిమ్మి ఊరుకుంటుంది. ఎందుకో తెలుసా? స్ప్రే స్ప్రింక్లర్ సరిగా పనిచేయాలంటే ట్యాంకు దాదాపు 21 మీటర్ల ఎత్తున ఉండాలి! ఏడంతస్తుల మేడంత! రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు ఇచ్చే ఒత్తిడి అందులో సగం కూడా కాదు. స్ప్రింక్లర్ మార్చి లాభం లేదు, చిన్న మోటారు కావాలి!

ఒత్తిడి ఎక్కువైనా ముప్పే! నాజిల్ నుంచి పొగలాంటి తుంపర లేస్తోందా? అది గడ్డి మీద పడదు, గాలితో పక్కింటికి పోతుంది! పోనీ ఒత్తిడి రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు వస్తాయా? రావు! 41 శాతమే పెరుగుతాయి! చూశారా, మూలల దూరంలో కనిపించిన అంకే మళ్లీ ఇక్కడ! రెండు చోట్లా రెండుకు వర్గమూలమే దాక్కుని ఉంది!

పైపు లావు సంగతి చెబితే కళ్లు తిరుగుతాయి! అరంగుళం పైపు తీసేసి ముప్పావు అంగుళం వేయండి. చూడ్డానికి తేడా పావంగుళమే. అంతే నీటికి పైపు గోడల రాపిడితో పోయే ఒత్తిడి మాత్రం 7 రెట్లు తగ్గుతుంది! వరసలో చివరి స్ప్రింక్లర్ ఎప్పుడూ నీరసంగా ఉంటోందా? ఆ చివర మచ్చ వదలడం లేదా? స్ప్రింక్లర్‌ను తిట్టకండి, పైపును చూడండి!

నాజిల్ నెత్తిన చిన్న స్క్రూ ఉంటుంది, గమనించారా? అది బిగిస్తే జల్లు దూరం తగ్గుతుంది. 25 శాతం దాకా తగ్గించుకోవచ్చు! చాలామంది గోడ తడుస్తోందని దాన్ని బిగించేసి మరిచిపోతారు. మూడు నెలలకు మచ్చ వస్తుంది. ఒక స్క్రూడ్రైవర్, అర నిమిషం పని... మచ్చ మాయం!

అదే స్క్రూడ్రైవర్‌తో ఇంకో పరీక్ష! పచ్చగా ఉన్న చోట నేలలో గుచ్చండి. దిగిపోతుంది. మచ్చలో గుచ్చండి. 15 సెంటీమీటర్లు దిగకుండానే ఆగిపోయిందా? అక్కడి నేలకు తడి చేరలేదు! ఎక్కడ గుచ్చినా ఒకే లోతులో టక్కున తగులుతోందంటే కింద రాళ్లో, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన ఇటుక ముక్కలో ఉన్నట్టు! తవ్వి తీయాల్సిందే.

గడ్డి తన దాహాన్ని ముందే చెబుతుంది! లాన్ మీద నడిచి వెనక్కి తిరిగి చూడండి. గడ్డి పోచలు వెంటనే లేచి నిలబడితే సరే. అరగంట తర్వాత కూడా అడుగుల గుర్తులు అలాగే ఉన్నాయా? దాహం మొదలైంది! గోధుమ రంగు రావడానికి ముందే పచ్చదనం కాస్త నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ రంగు పట్టుకోగలిగితే మచ్చను పుట్టకముందే ఆపేయొచ్చు!

స్ప్రింక్లర్ తల పైకి లేచేది ఎంతో తెలుసా? చాలావాటికి 10 సెంటీమీటర్లే! ఏళ్లు గడిచేకొద్దీ దాని చుట్టూ మట్టి, వేళ్లు, గడ్డి పేరుకుని నేల పైకి వస్తుంది. తల గుంటలో పడుతుంది. ఎదురుగా ఉన్న గడ్డి పోచలే జల్లుకు గోడ కడతాయి! తలను పైకి తీసి, నిటారుగా బిగించి చూడండి. కొత్తది కొన్నంత తేడా!

వాలులో పైపు ఉందా? వాల్వు కట్టేశాక కూడా కింది స్ప్రింక్లర్ కారుతూనే ఉంటుంది! 25 మిల్లీమీటర్ల పైపు 30 మీటర్ల పొడవుంటే ప్రతిసారీ 15 లీటర్లు అలా కారిపోతాయి! కింద బురద. పైన స్ప్రింక్లర్ మళ్లీ పైపు నిండేదాకా గాలి కక్కుతూ కూర్చుంటుంది. తల లోపల చెక్ వాల్వు ఉన్న రకం వేస్తే ఆట కట్టు!

విరిగిన ఒక్క స్ప్రింక్లర్ ఏం చేయగలదో ఊహించండి! ఆరు నెలల తడి కాలంలో 95,000 లీటర్ల దాకా వృథా చేయగలదు! ఇది కూడా అమెరికా పర్యావరణ సంస్థ లెక్కే. నీళ్లన్నీ అక్కడ ఎగజిమ్ముతుంటే వరసలోని మిగతావాటికి ఒత్తిడి పడిపోతుంది. విరిగింది ఒక చోట, మచ్చ ఇంకో చోట! అందుకే నెలకోసారి స్ప్రింక్లర్ తిరుగుతున్నప్పుడే లాన్ చుట్టూ నడవండి. తెల్లారుజామున అది తిరిగి ఆగిపోయాక లేస్తే ఏం తెలుస్తుంది?

టక్ టక్ టక్ మని కొట్టుకుంటూ తిరిగే ఇత్తడి స్ప్రింక్లర్ చూసే ఉంటారు! దాన్ని కనిపెట్టింది పెద్ద కంపెనీ కాదు. కాలిఫోర్నియాలో నిమ్మజాతి తోటలు పెంచే ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే రైతు! 1933లో! నీటి ధార తగిలి ఒక చిన్న చెయ్యి పక్కకు పోతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఆ దెబ్బకు తల కాస్త తిరుగుతుంది. కరెంటు లేదు, గేర్లు లేవు! ఆ చెయ్యి ధారను చీల్చడం వల్లే దగ్గరి చోటుకూ నీళ్లు పడతాయి!

ఆ రైతు బుర్రలో పుట్టిన స్ప్రింక్లర్ ఇవాళ అనంతపురం వేరుసెనగ చేలల్లో తిరుగుతోంది! అక్కడి రైతులు వాటిని 12 మీటర్లకొకటి నిలబెడతారు. ఎలా కొలుస్తారు? టేపు అక్కర్లేదు! ఒక్కో పైపు 6 మీటర్లు. రెండు పైపులు కలిపితే ఒక స్ప్రింక్లర్! పైపే కొలబద్ద! లాన్లలో మనం తంటాలు పడే దూరాల లెక్క అక్కడ పైపు పొడవులోనే ఇమిడిపోయింది. ఎంత తెలివి!

ఇప్పుడు వింతల్లో వింత! అన్నీ సరిగ్గా ఉన్నాయి. డబ్బాలూ సమంగా నిండాయి. అయినా మచ్చ! ఎలా? నేలే నీళ్లు వద్దంటోంది! మచ్చలో ఒక మట్టిపెళ్ల తీయండి. పైన ఉన్న గడ్డి దులిపి, ఆరనిచ్చి, ఒక నీటి బొట్టు వేయండి. మామూలు మట్టైతే బొట్టు చటుక్కున ఇంకిపోతుంది. ఇక్కడ చూడండి! తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడి మెరుస్తుంటుంది! 5 సెకన్లు దాటినా అలాగే ఉందంటే ఆ మట్టి నీటిని తోసేస్తున్నట్టే! కుళ్లిన వేళ్లు, బూజులు వదిలిన మైనం లాంటి పూత ఇసుక రేణువులకు పట్టేసింది. ఇసుక నేలల్లో ఈ బాధ ఎక్కువ. గోల్ఫ్ మైదానాల వాళ్లకు ఇది నిత్యం ఉండేదే! నేలకు చిల్లులు పొడిచి, మట్టికి తడి పట్టించే 'వెట్టింగ్ ఏజెంట్' కలిపిన నీళ్లు నెమ్మదిగా పట్టిస్తే మట్టి మళ్లీ తాగడం మొదలుపెడుతుంది.

దాహం వేషం వేసుకొచ్చే దొంగ కూడా ఉంది! చించ్ బగ్ అనే బుల్లి పురుగు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెయింట్ అగస్టీన్ గడ్డి రసం పీల్చేస్తుంది. మచ్చ అచ్చం ఎండినట్టే ఉంటుంది! పట్టుకోవడం ఎలా? రెండు పక్కలా మూత తీసిన డబ్బాను మచ్చ అంచున నేలలో నొక్కండి. నీళ్లు నింపండి. 10 నిమిషాలు ఓపిక పట్టండి. పురుగుంటే తేలుతుంది! లేకపోతే మళ్లీ స్ప్రింక్లర్ దగ్గరికే వెళ్లండి.

ఎండు మచ్చ చరిత్రనే తిరగరాసిన కథ తెలుసా? ఇంగ్లండులో స్టోన్‌హెంజ్! వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం. ఒక పక్క రాళ్లు లేవు. అసలు అది పూర్తి వలయమేనా, సగమే కట్టి వదిలేశారా అని పండితుల వాదన! 2013 వేసవిలో అక్కడి సిబ్బంది ఎప్పటిలాగే పచ్చికకు నీళ్లు పట్టారు. పైపు పొడవు చాలలేదు! వలయం అవతలి పక్కకు నీళ్లు అందలేదు. అక్కడ పచ్చిక ఎండడం మొదలైంది. అందులో కొన్ని చోట్ల మరీ ఎక్కువగా! అక్కడి ఉద్యోగి ఒకరు నిలబడి చూశారు. ఆ మచ్చలు సరిగ్గా వలయం వరసలోనే ఉన్నాయి! ఒకప్పుడు రాళ్లు నిలబెట్టిన గుంతల మీదే గడ్డి అలా మాడింది! వలయం ఒకప్పుడు పూర్తిగా ఉండేదన్న వాదనకు పెద్ద సాక్ష్యం దొరికింది. ఎన్ని తవ్వకాల్లోనూ తేలనిది పొట్టి పైపు తేల్చింది! ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఎండు పచ్చికను కావాలని పెంచిన చోటు కూడా ఉంది! అమెరికాలోని పైన్‌హర్స్ట్ రెండో నంబరు గోల్ఫ్ మైదానంలో 1,150 స్ప్రింక్లర్లు ఉండేవి. 2010లో మొదలుపెట్టిన మార్పుల్లో వాటిని 450కి తగ్గించేశారు! మైదానం నడుమ ఒకే వరస. నడుమ పచ్చగా, అంచులకు పోయేకొద్దీ గోధుమ రంగు! స్ప్రింక్లర్ జల్లు ఎక్కడ పల్చబడుతుందో గడ్డే గీసి చూపిస్తుంది. 2014లో అమెరికా ఓపెన్ అక్కడే ఆడారు!

ఒక చిన్న మాట కత్తిరింపు గురించి! గడ్డి ఎత్తులో మూడో వంతు, అంటే 33 శాతానికి మించి ఒక్కసారి కోయకండి! బోడిగుండు కొట్టినట్టు కోస్తే వేళ్లు కూడా పొట్టివైపోతాయి. అప్పుడు స్ప్రింక్లర్ ఎంత సమంగా చిమ్మినా పైపొర ఆరగానే మచ్చలే!

ఇంతకీ గోధుమ రంగు తిరిగిన గరిక చచ్చినట్టేనా? కాదు! గుప్పెడు పట్టుకుని లాగండి. ఊడి చేతికొస్తే పోయినట్టు. బిగుసుకుని ఉంటే బతికే ఉంది! నీళ్లు అందక పైఆకులు వదిలేసి, నేల లోపలి కాడల్లో ప్రాణం దాచుకుంది. ఆ కాడకు 1 కణుపు బతికుంటే చాలు, వేళ్లూ చిగురూ అక్కడి నుంచే వస్తాయి! కాబట్టి కొత్త గడ్డి చాపలు కొనడానికి నర్సరీకి పరుగెత్తకండి. ముందు నాజిల్ కడగండి, తల నిటారు చేయండి, డబ్బాలు పరిచి చూడండి. ఆ తర్వాత కూడా చిగురు రాని చోట మాత్రమే కొత్త గరిక నాటండి!